ఒత్సో కంటే ముందు వచ్చేవాడు

మా మేనల్లుడు ఒత్సో ఎక్కడికైనా రెండుసార్లు వచ్చేవాడు. మొదట అలికిడి, తర్వాత మనిషి. మా మంచు దేశంలో, కాయాని ఊరి వైపు, ఇదేమంత వింత కాదు. గుమ్మంలో ఎవరో బూట్లకంటిన మంచు దులిపినట్టు వినిపిస్తుంది, మనిషి మాత్రం పావుగంటకు గానీ రాడు. దీన్ని ఎతియైనెన్ అంటారు. నేను ‘ముందువాడు’ అంటాను. ముందువాడు వచ్చినప్పుడు తొంగి చూడకూడదు, కాఫీకి నీళ్ళు పెట్టుకోవాలి. మా అమ్మ నేర్పిన మర్యాద అది. చూస్తే ముందువాడే ఉండిపోతాడని, అసలు మనిషి రాడని కూడా చెప్పేది కానీ, ఇప్పుడు దాని గురించి ఎందుకులెండి.

నేను టెన్నిస్ హాల్లో రాకెట్లకు గట్టింగ్ చేస్తాను, అంటే తీగలు బిగిస్తాను. హాలంటే గాలి నింపి నిలబెట్టిన పెద్ద తెల్ల గుడారం. ఏడు నెలల చలికాలం అందులోనే ఆట. గాలి కొట్టే ఫ్యాన్లు రాత్రీ పగలూ ఒకటే రొద. నా గది దానికి ఆనుకునే ఉంటుంది, కోర్టులోకి ఒక చిన్న తలుపు. గుడారం మీద పేరుకున్న మంచు దించడం నాతో పనిచేసే రైమో వంతు. మేమిద్దరం కలిసి నడిపే సంస్థానం ఇది. ఊళ్ళో మిగతా వాళ్ళందరికీ హాకీ పిచ్చి.

ఒత్సోకి తొమ్మిదో ఏట మా తమ్ముడు వాణ్ని తెచ్చి నాకు అప్పగించాడు. హాకీలో ఎవరైనా మీద పడితే వాడికి ఏడుపొచ్చేదట. టెన్నిస్‌లో మధ్యన వల ఉంటుంది, ఎవరూ మీద పడరు. వారం తిరక్కుండానే నాకు అలికిడి మొదలైంది. బల్ల మీద సంచి పడిన చప్పుడు, నేల మీద బంతి మూడుసార్లు తట్టిన చప్పుడు, తర్వాత ఒక్క దెబ్బ. నేను కాఫీ పెట్టేదాన్ని. పది నిమిషాలకు ముక్కు ఎర్రగా చేసుకుని వాడు వచ్చేవాడు.

“అత్తా, నేను ముందే వచ్చేశానా?”

“వచ్చి పది నిమిషాలైంది. వాడికున్న బుద్ధి నీకు లేదు.”

“అయితే వాణ్నే ఆడమను. నేను బన్ను తింటా.”

రైమో పారకి ఆనుకుని నవ్వేవాడు. “హిల్కా, నీ అల్లుడు డబుల్స్‌కి జోడీ వెతుక్కోనక్కర్లేదే!”

పదిహేనో ఏట వాణ్ని టెన్నిస్ శిక్షణకు హెల్సింకి పంపాం. వాడు దూరమైన కొద్దీ ముందువాడు ఇంకా ముందే వచ్చేవాడు. హెల్సింకి నుంచి సాయంత్రం రైలుకి వస్తుంటే పొద్దున్నే వినిపించేవాడు. తర్వాత ఒత్సో దేశాలు పట్టాడు. ట్యునీషియాలో, టర్కీలో, చిన్న చిన్న టోర్నమెంట్లు, చవక హోటళ్ళు. అక్కణ్ణుంచి వస్తుంటే అలికిడి రెండు రోజుల ముందు వచ్చేది. నాకది క్యాలెండర్ కంటే నమ్మకం.

పంతొమ్మిదేళ్ళకు ట్యునీషియాలోని మొనాస్తిర్‌లో ఒక టోర్నమెంట్ గెలిచాడు. ఇరవై ఒకటికి ప్రపంచంలో నాలుగువందల పన్నెండోవాడు. మా ఊరి పేపర్లో అదే రోజు చేపలు పట్టే పోటీకి పెద్ద ఫోటో, వీడికి నాలుగు లైన్లు. ఆ పేపరు నేను నా గది గోడకు అంటించాను. చేపల ఫోటో కత్తిరించి పారేశాను.

ఆ మరుసటి ఏడాది వాడి సర్వ్ పోయింది. ఎలా పోయిందో ఎవరికీ తెలియదు. భుజం బాగానే ఉంది, డాక్టర్లు చూశారు. మూడుసార్లు తట్టే బంతిని ఏడుసార్లు తట్టడం మొదలుపెట్టాడు. తర్వాత పన్నెండు, ఇరవై. చెయ్యి పైకి లేచేది కాదు. టర్కీలోని అంతాల్యాలో ఒక ఆటలో పద్నాలుగు డబుల్ ఫాల్టులు చేశాడు, అంటే పద్నాలుగుసార్లు రెండో సర్వ్ కూడా తప్పింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

“అత్తా, పోయినసారి నేను వచ్చేముందు వాడు వచ్చాడా?”

“రాకుండా ఎలా ఉంటాడు?”

“సర్వ్ ఎలా కొట్టాడు?”

“మూడు తట్లు, ఒక దెబ్బ. ఎప్పటిలాగే.”

“నాకంటే బాగానా?”

అబద్ధం చెప్పి ఉండాల్సింది. నా నోట అబద్ధం పలకదు, అదొక రోగం. “బాగానేరా” అన్నాను.

“శనివారం వస్తున్నా. ఒక్కసారి నువ్వు కోర్టులోకి వచ్చి నా సర్వ్ చూడు. బాగుందని నువ్వంటే ఆడతా. లేదంటే రంపపు మిల్లులో చేరిపోతా. కోచ్‌లందరూ చూశారు, నువ్వొక్కదానివే చూడలేదు.”

నిజమే. పదమూడేళ్ళుగా వాడి ఆట విన్నానే గానీ కూర్చుని చూసింది లేదు. తప్పకుండా చూస్తానన్నాను.

అది జనవరి. గురువారం మధ్యాహ్నం మూడైంది, బయట అప్పటికే చీకటి పడింది. నేను ఎవరిదో రాకెట్‌కి గట్ బిగిస్తున్నాను. బల్ల మీద సంచి పడింది. మూడు తట్లు. దెబ్బ. గురువారం కదా, శనివారానికి సరిగ్గా రెండు రోజులు. కాఫీకి నీళ్ళు పెట్టాను.

చప్పుడు ఆగలేదు. మామూలుగా నాలుగైదు దెబ్బలు వినిపించి పోయేవి. ఆ రోజు దెబ్బ మీద దెబ్బ, ఒక్కటి కూడా తడబడలేదు. పాతికేళ్ళుగా ఈ గదిలో కూర్చుని అలాంటి సర్వ్ వినలేదు. మధ్యలో ఒకసారి ఆగింది. నా తలుపుకి అవతలగా ఎవరో నిలబడినట్టనిపించింది. ఊపిరి కూడా వినిపించింది. చూడకూడదు కాబట్టి నేను తల దించుకుని గట్ బిగిస్తూ కూర్చున్నాను. మళ్ళీ మూడు తట్లు, దెబ్బ. ముప్పావుగంట అలాగే సాగింది. తర్వాత ఫ్యాన్ల రొద ఒక్కటే మిగిలింది.

రైమో మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. “ఏం హిల్కా, అల్లుడితో పోట్లాడావా? పలకరిస్తే పలక్కుండా కారెక్కి పోయాడు.”

“ఏ అల్లుడు?”

“నీకెంతమంది ఉన్నారే?”

చిన్న తలుపు తీసుకుని కోర్టులోకి పరిగెత్తాను. బంతులన్నీ అవతలి సర్వీస్ గడి మూలన, ఒక్కచోటే కుప్పగా పడి ఉన్నాయి. నా తలుపు ముందు తడి బూట్ల గుర్తులు రెండు. చాలాసేపు నిలబడ్డ మనిషివి, నీరు మడుగు కట్టింది.

శనివారం దాకా ఆగలేక ముందే వచ్చేశాడు. తలుపు తట్టి పిలవొచ్చు కదా అంటారేమో. ఫోన్‌లో ఒకసారి అడిగాడు కదా, మా ఇంట్లో వాళ్ళు రెండోసారి అడగరు. నేను వింటున్నానని వాడికి తెలుసు. విని కూడా లేచి రాలేదంటే బాగాలేదనే కదా అనుకుంటాడు.

ఆ రాత్రే ఫోన్ చేశాను. “ఒరేయ్, నువ్వనుకోలేదురా. ముందువాడనుకున్నా.”

“పర్లేదత్తా.”

“పర్లేదేమిటి! అంత బాగా కొడుతుంటే నువ్వని నేనెలా అనుకుంటాను?”

నోరు జారాక తెలిసింది నేనేమన్నానో. అవతల వాడు మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

శనివారం వచ్చాడు. నేను కోర్టులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు బంతి తట్టాడు. ఇరవై, ముప్పై, నలభై. చెయ్యి లేవలేదు. సోమవారం మిల్లులో చేరాడు. తప్పు నాది. ఎవరేమన్నా అది నాదే.

మిల్లులో పని దిగాక గురువారాలు నా దగ్గరికి కాఫీకి వస్తుంటాడు. ఇప్పుడు వాడు వచ్చేముందు ఏ అలికిడీ ఉండదు. తలుపు తెరుచుకుంటుంది, మనిషి ఉంటాడు. ఏడాది గడిచినా ప్రతిసారీ నేను ఉలిక్కిపడుతూనే ఉన్నాను.

పోయిన గురువారం అలాగే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చేతుల నిండా రంపపు పొట్టు. బన్ను తుంచి కాఫీలో ముంచుతుండగా, కోర్టులో బల్ల మీద సంచి పడింది. ఆ పూట కోర్టు ఎవరూ తీసుకోలేదు. మూడు తట్లు. దెబ్బ.

నేను ఒత్సో వంక చూశాను. వాడి బన్ను విరిగి కాఫీలో పడిపోయింది. వాడికీ వినిపించింది. ఎవరి ముందువాడు వాళ్ళకే వినిపించడం ఎప్పుడూ వినలేదు నేను.

“నీకంటే ముందు రావడం మరిచిపోయి ఇప్పుడొచ్చాడేమిట్రా?” అన్నాను, నవ్వించడానికి.

వాడు తల వంచి విన్నాడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. “బాగా కొడుతున్నాడు” అన్నాడు.

వాడు తన సర్వ్‌ని మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు. ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ లేచి స్టవ్ మీద నీళ్ళు పెట్టి, అలమారలోంచి ఇంకో కప్పు తీశాను.

ఒత్సో నా మణికట్టు పట్టుకున్నాడు. “పెట్టకత్తా” అన్నాడు. “వాడు నిజంగా వచ్చేస్తే నేనెక్కడికి పోను?”

కోర్టులో చప్పుడు ఆగింది. నా తలుపుకి అవతల ఎవరో వచ్చి నిలబడ్డారు. నేను కప్పు మళ్ళీ అలమారలో పెట్టి, స్టవ్ ఆపేశాను.