కార్బన్ సైకిల్‌లో చప్పుడు

మా వంశంలో గుర్రాన్ని ఇంకొకరికి ఇచ్చే అలవాటు లేదు. తాత గుర్రం మీద తాత తప్ప ఎవరూ కూర్చోలేదని ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. గుర్రం పోయింది, అది తిరిగిన కోటలాంటి గడి పోయింది, గడి చుట్టూ ఉన్న పొలాలు మేం నమ్మినవాళ్ల చేతుల్లోకి పోయాయి. తార్నాకలో మూడో అంతస్తు ఫ్లాటులో నేనూ మా అక్కా మిగిలాం. అయినా కార్బన్ ఫైబర్ సైకిల్ కొన్నప్పుడు దానికి కూడా ఆ పాత నియమమే పెట్టుకున్నాను. నా సైకిల్ నేనే ఎక్కాలి.

కొన్న రోజు నుంచే అనుమానాలు మొదలయ్యాయి. కింద పార్కింగులో పెడితే ఎవరైనా గీస్తారని రోజూ పైకి మోసుకెళ్లేవాణ్ణి. మోయడం అనేది పెద్ద మాట. చేత్తో ఎత్తి భుజానికి తగిలించుకుంటే చాలు, అంత తేలిక. అది చూసి మా వాచ్‌మన్ ఒకసారి దగ్గరికొచ్చి వేలితో ఫ్రేమును టకటక కొట్టాడు.

"ఇది ఇనుము గాదు గద సారూ? లోపట ఏం లేనట్టు మోగుతున్నది. ప్లాస్టిక్‌ది అంటగట్టిన్రేమో సూస్కోండ్రి."

"చెయ్యి తియ్యి."

"తీస్త గని, ఇరుగుతదా ఇది?"

ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. సరైన ప్రశ్న కాబట్టే నచ్చలేదు. ఇనుప సైకిల్ పడితే సొట్ట పడుతుంది, సొట్ట కంటికి కనిపిస్తుంది. కార్బన్ అలా కాదు. గట్టి దెబ్బ తగిలినా పైన రంగు నిగనిగలాడుతూనే ఉండొచ్చు, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. ఏదో ఒక రోజు మంచి వేగంలో ఉండగా మనిషి కిందనే ఫ్రేము విరగొచ్చు. పైకి చక్కగా కనబడే మనుషులు లోపల ఎలా ఉంటారో మా ఇంటికి బాగా తెలుసు. సైకిల్ కూడా ఆ రకమే అయినందుకు నాకు దాని మీద ప్రేమతో పాటు ఒక కన్ను కూడా ఉండేది.

పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో తొక్కేవాణ్ణి. వాకింగ్‌కు వచ్చే రిటైర్డ్ ఉద్యోగులు, గ్రూప్స్ పుస్తకాలు పట్టుకుని చెట్ల కింద పచార్లు చేస్తూ చదువుకునే పిల్లలు, అందరి చూపూ సైకిల్ మీదే. "అన్నా, ఎంతల వడ్డది?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పేవాణ్ణి కాను. ఇవాళ ధర తెలుసుకున్నవాడు రేపు ఇల్లు తెలుసుకుంటాడని నా భయం.

అక్కడ నాతో మాట కలిపింది ఒక్కావిడే. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో సైంటిస్టు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, ఇంచుమించు నా వయసే. పాత అల్యూమినియం సైకిల్ మీద వచ్చేవారు. మొదట్లో రోజూ నా వెనకే ఎందుకు వస్తున్నారా అని కనిపెట్టి చూశాను. ఒకనాడు ఆవిడే బయటపెట్టారు.

"ఎదురుగాలికి మీ వెనకాల దాక్కుంటున్నానండీ. ఎంత వంగాల్సిన సైకిలైనా మీరు నిటారుగా గోడలా కూర్చుంటారు. చాలా హాయిగా ఉంటుంది."

మా వంశపు వెన్నెముకకు అలాంటి ఉపయోగం ఒకటి ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. అప్పటి నుంచి కలిసి తొక్కడం, అయ్యాక క్యాంపస్ గేటు బయట బండి దగ్గర టీ తాగడం అలవాటైంది. ఈ ఊళ్లో నాకు స్నేహమని చెప్పుకోదగింది అదొక్కటే. మిగతావాళ్లతో పలకరింపులే.

దసరా మర్నాడు క్యాంపస్ ఖాళీగా ఉంది. "ఏమండీ, మీ సైకిల్ మీద ఒక్క రౌండ్ వెయ్యనివ్వరూ?" అన్నారావిడ. అన్నాళ్ల పరిచయంలో మొదటిసారి అడిగారు. కాదనలేకపోయాను. ఆవిడ మలుపు తిరిగి కనబడకుండా పోయారు. నేను అల్యూమినియం సైకిల్ పట్టుకుని, రావలసినదానికంటే ఆలస్యమైందని అనుకుంటూ నిలబడ్డాను. నవ్వుతూ వచ్చి దిగారు. "సైకిల్ కాదండీ బాబూ ఇది, గాలిపటం!"

తిరిగి నేనెక్కాను. స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే ఫ్రేము లోపల ఎక్కడో టిక్ మంది. ఇంకో గతుకు దగ్గర మళ్లీ టిక్.

ఇంటికొచ్చి రూపాయి బిళ్లతో ఫ్రేమంతా తట్టి చూశాను. పగిలిన చోట మోత మొద్దుగా ఉంటుందంటారు. ఒకచోట మొద్దుగా అనిపించేది, మళ్లీ తడితే బాగానే ఉండేది. బయట గీత కూడా లేదు. కానీ ఆవిడ దిగగానే అరచేతులు తుడుచుకోవడం గుర్తొచ్చింది. ఎందుకు తుడుచుకున్నారు? అంత గట్టిగా ఎందుకు నవ్వారు? మోచేతికి దుమ్ము ఉందా? ఆలోచించేకొద్దీ ఉన్నట్టే తోచింది.

రెండో రోజు టీ దగ్గర కదిపాను. "ఆ మలుపు కాడ ఇసుక గిట్ల ఉండెనా, మేడం?"

"ఇసుకా? ఏమో, చూడలేదే."

"జారేటట్టు ఉండెనా అని."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "చుట్టూ తిప్పకండి. ఏం కావాలో అడగండి."

"సైకిల్ ఏడన్న పడ్డదా? పడితే పడ్డదని చెప్పండి. నేనేం అనుకోను."

"పడలేదు."

"యాది చేసుకోండి ఒకసారి."

టీ గ్లాసు కింద పెట్టేశారు. "పడేసి ఉంటే అక్కడికక్కడే చెప్పేదాన్నండీ. విరిగిన సైకిల్‌ని నోరు మూసుకుని మీ చేతికిచ్చి, మిమ్మల్ని దాని మీద ఎక్కిస్తానా? ఎలాంటి మనిషిననుకున్నారు నన్ను?"

మా పొలాలు పట్టుకుపోయినవాళ్లు కూడా మా నాన్నను సరిగ్గా ఇలాగే నిలదీశారని ఇంట్లో చెప్పేవాళ్లు. మర్నాటి నుంచి ఆవిడ నాకు ఎదురుదిక్కున తిరగడం మొదలుపెట్టారు. ఎదురుపడితే తల ఊపేవారు, అంతే.

ఆదివారం సైకిల్‌ని బాల్కనీలో తలకిందులు చేశాను. నీళ్ల సీసా బిగించే స్టాండు కింద బీట ఉందేమో చూద్దామని దాన్ని విప్పి, ఫ్రేమును అటూ ఇటూ వంచాను. స్క్రూ రంధ్రంలోంచి పసుపు రంగు బియ్యపు గింజ ఒకటి జారిపడింది. కుదిపితే మరికొన్ని.

అవి ఆయుధ పూజ అక్షింతలు. ఒకప్పుడు మా ఇంట్లో ఆ పూజకు కత్తులూ తుపాకులూ వరుసగా పెట్టేవారట. ఇప్పుడు అక్క కత్తిపీటనూ నా సైకిల్‌నూ పెడుతుంది. ఈసారి పూజకని కడిగేటప్పుడు నేను స్టాండు విప్పేశాను, పూజ అయ్యాకే మళ్లీ బిగించాను. ఆ రంధ్రాలు తెరిచి ఉన్నప్పుడే అక్షింతలు పడ్డాయి. ఆవిడ ఎక్కకముందు కూడా అవి మోగే ఉంటాయి, అప్పుడు నేను చెవి పెట్టలేదు.

"ఇన్ని ఎందుకేసినవ్?" అని అక్కను అడిగాను.

"పసుపు వెట్టద్దంటివి, కుంకుమ అంటుకుంటదంటివి, చక్రం కింద నిమ్మకాయ వద్దంటివి. ఇగ అక్షింతలు గూడ వెయ్యకపోతే అది పూజెట్లయితది? వంగి దండం వెట్టనీకి గూడ నీకు నడుం వంగకపాయె!"

మర్నాడు ఆ గింజలు కాగితంలో చుట్టుకుని వెళ్లి ఆవిడ దారిలో ఆగాను. పొట్లం విప్పి సంగతి చెప్పాను. ఆవిడ ఆపుకోలేక నవ్వారు. అక్షింతలు ఆశీర్వదిస్తే మీకు పగుళ్లు వినిపించాయా అన్నారు. నవ్వు అయిపోయాక ముఖం మామూలుగా పెట్టి అడిగారు.

"అయితే ఇప్పుడు నమ్ముతున్నారా నన్ను?"

"నమ్ముతున్న."

"ఇవి దొరక్కపోయి ఉంటే?"

మంచి మాట ఒకటి చెప్పి బయటపడొచ్చు. మా ఇంట్లో ఎన్ని పోయినా అబద్ధం ఆడే అలవాటు రాలేదు. "అనుమానం ఉంటుండె," అన్నాను.

"ఊఁ," అన్నారావిడ. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అది వచ్చి ఉంటేనే నయం.

హ్యాండిల్ ఆవిడ వైపు తిప్పాను. "ఒక రౌండ్ వేసి రండి. ఎంతసేపైనా సరే."

"వద్దండీ. రేపు ఇంకేదో చప్పుడొస్తుంది. పదండి, టీ తాగుదాం."

టీ తాగాం. పండక్కి వాళ్లింటికి వచ్చిన చుట్టాల గురించి, హబ్సిగూడ దగ్గర తవ్వి వదిలేసిన రోడ్డు గురించి మాట్లాడారు. బాగానే మాట్లాడారు. నా సైకిల్ ఆవిడ సైకిల్‌కు అడ్డంగా ఆనించి ఉంది. వెళ్లేటప్పుడు చేత్తో కాస్త జరిపితే సరిపోయేది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. నేను లేచి తీసేదాకా పక్కన నిలబడి ఆగారు.