రేవు అవ్వ గొంతు

తమిళుల ఆడి నెల వస్తే చెన్నైలో పెళ్లిళ్లు ఆగిపోతాయి, కళ్యాణ మండపాలు ఖాళీ పడతాయి. మా ఆటల సమావేశం ఏటా ఆ నెలలోనే, అంబత్తూరులో ఒక మండపంలో పెట్టుకుంటాం. భోజనాల బల్లల మీద అరిటాకులకు బదులు గళ్ల పటాలు పరుచుకుంటాయి. వేదిక మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర కుర్చీల్లో మా సంచులూ హెల్మెట్లూ ఉంటాయి. హాలంతా ఎక్కడో పాత సాంబారు వాసన.

ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. అనుకున్నది అయిందో లేదో అది తేలుస్తుంది. కథ నడిపేవాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. దారిలో వాళ్లకు ఎదురయ్యే రాజుకీ, రాక్షసుడికీ, పూటకూళ్లమ్మకీ గొంతు ఇవ్వాల్సింది అతనే. మా సమావేశంలో తెలుగు టేబులు ఒకటే ఉండేది. దాని గేమ్ మాస్టర్ని నేను.

నా దగ్గర ఆడేవాళ్లందరూ ఉద్యోగాల కోసం ఈ ఊరు వచ్చినవాళ్లు. గుంటూరు, హైదరాబాదు, విశాఖ. నేను మాత్రం ఇక్కడివాణ్ణే. మా వాళ్లు ఎన్ని తరాల కిందట మద్రాసు చేరారో ఇంట్లో ఎవరికీ తెలియదు. తొండియార్‌పేటలో కింద గోనెసంచుల కొట్టు, పైన ఇల్లు. అమ్మ పోయినప్పుడు నేను బడి పిల్లాణ్ణి. అక్క నన్ను పెంచింది. నాన్న తర్వాత కొట్టూ అక్కే చూసుకుంటోంది. నేను చదువుకుని కంప్యూటర్ల ఉద్యోగంలో చేరి, ఊరికి దక్షిణాన అద్దెకుంటున్నాను.

ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో, మీటింగులో "ఫైలు ఆడ పెట్టినాను గదా" అన్నాను. మా టీములో తెలుగువాళ్లు నలుగురు. నలుగురూ నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. ఒకతను మాత్రం వారం రోజులు నన్ను చూసినప్పుడల్లా "ఆడ, ఈడ" అంటూ తిరిగాడు. ఏడాది తిరిగేసరికి నేను టీవీలో వార్తలు చదివేవాళ్లలాగా మాట్లాడడం నేర్చుకున్నాను. ఇది రాస్తున్నది కూడా ఆ నేర్చుకున్న తెలుగులోనే.

తెలుగు టేబులు నడిపిన మొదటి ఏడు, మధ్యాహ్నం భోజనాల తర్వాత అందరికీ కునుకు పడుతోంది. కథలో ఒక రేవు వస్తుంది. పడవ నడిపే ముసలిది ఉంటుంది. చూడ్డానికి ముసలమ్మ, నిజానికి ఏటి దెయ్యం. నేను రాసుకున్న కథలో దానికి మాటలే లేవు. ఏమనిపించిందో, నోరు తెరిచి, "ఏంది నాయనా, ఆడనే నిలబడిపోయినావు? తినినావా? అప్పురం దా పడవెక్కు" అన్నాను.

బల్ల మొత్తం లేచి కూర్చుంది. హైదరాబాదు అతను నవ్వలేక దగ్గాడు. "మళ్లా అను అన్నా, మళ్లా అను!" అన్నాడు. మళ్లీ అన్నాను. అది అక్క గొంతు. ఆ సాగదీయడం, ఆ దబాయింపు, తర్వాత అనడానికి 'అప్పురం', మాట నొక్కడానికి 'దా' అంటూ మధ్యలో వచ్చే తమిళం ముక్కలు, అన్నీ అక్కవే. వాళ్లకా సంగతి తెలియదు. నేను గొప్పగా మిమిక్రీ చేస్తాననుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

తర్వాత ప్రతి ఏడూ రేవు అవ్వ రావాల్సిందే. అవ్వ పడవలో ఎక్కించుకునే ముందు ప్రతివాణ్ణీ "తినినావా నాయనా?" అని అడుగుతుంది. తిన్నానన్నవాణ్ణి నడి ఏట్లో ముంచేస్తుంది, బరువెక్కువైందని. ఆ మాట వినగానే బల్లంతా కేరింతలు. చివర్లో అందరూ కలిసి అవ్వను చంపేవాళ్లు. అదొక పండగ. అక్క రోజూ సాయంత్రం నాకు ఫోను చేసి మొదట అడిగే మాట కూడా ఆ 'తినినావా నాయనా' అన్నదే. ఆమె మాట్లాడుతుంటే నా చెవి సగం అవ్వ కోసం మాటలు ఏరుకుంటూ ఉండేది. లోడు దించేవాళ్ల మీద ఆమె కొత్త తిట్టేదైనా వాడితే, మరుసటి ఆడికి అది పనికొస్తుందని సంతోషపడేవాణ్ణి. నా మీద నాకు అప్పుడే అసహ్యం వేయాల్సింది. వేయలేదు.

కిందటి ఆడిలో, శనివారం పొద్దున అక్క ఫోను. "రేయ్, ఈడ అంబత్తూర్‌లో దా ఉండాను. కంపెనీకి సంచులు దించతా ఉండారు. నీ ఆట యాడ? చూసి పోతాను."

"నీకు బోరు కొడుతుందక్కా" అన్నాను.

"కొడితే కొట్టనీ. ఏడాదికొకసారి రెండు దినాలు కనబడకుండా పోతావే, అదేందో చూడద్దా?"

మండపం ఎక్కడుందో మెసేజ్ పంపాను. వస్తుందని మాత్రం అనుకోలేదు. మధ్యాహ్నం ఆట మొదలయ్యే ముందు, పాత్రల కాగితాలు జిరాక్సు తీయించడానికి వీధి చివరి దాకా వెళ్లాను. తిరిగి హాల్లో కాలు పెట్టేసరికి మా టేబులు దగ్గర చప్పట్లు, ఈలలు. పక్క టేబుళ్లవాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. మా వాళ్ల మధ్యలో ఖాళీ కుర్చీ వెనక అక్క నిలబడి ఉంది. భుజాన సంచి, చీర అంచుకి గోనెపీచు. అందరూ నవ్వుతున్నారని ఆమె కూడా కొంచెం నవ్వుతోంది, ఎందుకో తెలియక.

"సార్! సార్!" గుంటూరు అమ్మాయి నన్ను చూసి చేతులూపింది. "ఈ ఆంటీ మీ అవ్వను దించేసింది సార్! అచ్చం!"

"ఏమన్నారు?" అని అడిగాను.

"వచ్చీ రాగానే, 'తెలుగోళ్ల టేబులు ఇదే గదా నాయనా, ఈడ కూర్చోవచ్చునా' అంది. చచ్చిపోయాం సార్ నవ్వలేక! పోయినేడు ఆడారా ఆంటీ మీరు? సార్ దగ్గర నేర్చుకున్నారా?"

"అన్నా, నీ కన్నా మంచిగ చేస్తున్నది" అన్నాడు హైదరాబాదు అతను. "నీ పని అయిపోయింది పో."

అక్క నా వైపు చూసింది. అవ్వ ఎవరో, దించడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఇప్పుడు తమ్ముడొచ్చాడు, ఈమె మా అక్క అని చెబుతాడు, అని చూస్తోంది. మొహంలో ఆ నమ్మకం స్పష్టంగా కనబడుతోంది. ఒక్క మాట. అది అనడానికి ఊపిరి కూడా తీసుకున్నాను.

"కూర్చోండి" అన్నాను.

నా నోట్లోంచి వచ్చిన ఆ మాట విని నేనే నిర్ఘాంతపోయాను. నన్ను ఎత్తుకు తిరిగిన మనిషిని, పుట్టిన దగ్గర్నుంచీ నువ్వు అనే పిలిచిన మనిషిని, కొత్తవాళ్లని పిలిచినట్టు కూర్చోండి అన్నాను. అక్క చిరునవ్వు పోలేదు కానీ ఉన్నచోటే బిగుసుకుపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

అంతటితో ఆగలేదు. మా టేబులులో ఎవరైనా తమ పాత్రను బాగా పలికిస్తే నేనొక గవ్వ ఇస్తాను. పాచిక సరిగ్గా పడకపోతే ఆ గవ్వ తిరిగిచ్చి మళ్లీ వేసుకోవచ్చు. "గవ్వ సార్, గవ్వ! ఆంటీకి గవ్వ ఇవ్వాల్సిందే!" అని బల్ల గుద్దుతున్నారు. డబ్బాలోంచి గవ్వ తీసి అక్క ముందు పెట్టాను. తన మాట తను మాట్లాడినందుకు అక్కకు నేనిచ్చిన బహుమానం.

ఆట మొదలుపెట్టాను. అక్కకు వైద్యురాలి పాత్ర కాగితం ఇచ్చాను. ఆమె దాన్ని చూడలేదు, చూపంతా నా మీదే. కథ రేవు దాకా వచ్చింది. "రేవు ఖాళీగా ఉంది. పడవ దానంతటదే కదులుతోంది" అన్నాను.

"ఏంటి సార్ ఇది! అవ్వ లేని రేవా?"

"ఈసారి లేదు."

"ఆంటీతో చేయిద్దాం సార్" అన్నాడు విశాఖ అతను. "ఆంటీ, ప్లీజ్. అవ్వ మీరే."

అక్క మొదటిసారి వాళ్లతో మాట్లాడింది. చాలా మెల్లగా. "ఎవరమ్మా ఆ అవ్వ? ఏం చేస్తాది?"

మళ్లీ నవ్వులు. గుంటూరు అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వివరించింది. మంచి అమ్మాయి, వివరంగా చెప్పింది. "ఒక ముసలి దెయ్యం ఆంటీ. పిసినారి. అందర్నీ తిడుతుంది. ముంచేసే ముందు ప్రేమగా అడుగుతుంది, తినినావా నాయనా అని. సార్ అలా అంటుంటే చూడాలి మీరు. ప్రతి ఏడూ మేం వచ్చేదే దాని కోసం."

అక్క తల ఊపింది. ఒక లెక్క తేలినట్టు ఊపింది. ఆమెకు మొత్తం తెలిసిపోయింది. ఈ ఒక్క రోజు సంగతి కాదు, ఇన్నేళ్ల సాయంత్రాలూ తెలిసిపోయాయి.

"సెరి, చేస్తాను" అంది. నా వైపు తిరిగింది. గొంతు మార్చలేదు, సాగదీయలేదు. ఫోనులో ఎలా అడుగుతుందో అలాగే అడిగింది. "తినినావా నాయనా?"

బల్ల దద్దరిల్లింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఈ రోజుకీ నాకు తెలియదు. మొహం దానంతటది నవ్వింది.

"చెప్పండి సార్, జవాబు చెప్పండి! తిన్నానంటే మునిగిపోతారు!"

"తిన్నానండీ" అన్నాను.

అక్క లేచింది. గవ్వను పక్కనున్న గుంటూరు అమ్మాయి చేతిలో పెట్టింది. "లారీ పంపించల్ల. మీరు ఆడుకోండమ్మా" అని చెప్పి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నేను లేవలేదు. గేమ్ మాస్టర్ మధ్యలో లేవకూడదన్న నియమం అప్పుడు గుర్తొచ్చింది నాకు. మిగతా కథ చివరి దాకా నడిపాను. రాక్షసుడికి గొంతిచ్చాను, రాజుకి గొంతిచ్చాను.

ఆట అయ్యాక గుంటూరు అమ్మాయి అడిగింది. "ఆ ఆంటీ నంబరుందా సార్? గ్రూపులో చేర్చుకుందాం."

"మా అక్క" అన్నాను.

ముందు అది కూడా వేళాకోళమనుకున్నారు. తర్వాత ఒక్కొక్కరి మొహం మారింది. ఆ అమ్మాయి గవ్వను బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మాకు ముందే చెప్పొచ్చుగా సార్" అంది. "మాతో ఎంత పని చేయించారు."

ఆ మాట న్యాయమైనది. వాళ్లు నవ్వింది నేను నవ్వించిన దానికి.

సాయంత్రం అక్క నుంచి ఫోను రాలేదు. నేనే చేశాను.

"సొల్లుంగ" అంది. చెప్పండి అని, తమిళంలో.

మా ఇంట్లో మేమిద్దరం ఎన్నడూ తమిళంలో మాట్లాడుకోలేదు. తమిళం కొట్టుకొచ్చే బేరగాళ్లకీ, లారీవాళ్లకీ. నేను "అక్కా" అన్నాను. "ఎన్న వేణుం?" అని అడిగింది. ఏం కావాలి. ఆమె ఫోను పెట్టేసింది.

మర్నాడు రెండో రోజు ఆట ఇంకొకరికి అప్పగించి తొండియార్‌పేట వెళ్లాను. కొట్టు షట్టరు సగం ఎత్తి, అక్క చిరిగిన సంచులు వేరు చేస్తోంది. క్షమాపణ ఏ మాటల్లో అడగాలో దారంతా ఆలోచించుకున్నాను. మన మాటల్లోనే అడగాలి, ఈ టీవీ తెలుగులో కాదు, అనుకున్నాను. నిలబడి మొదలుపెట్టాను. "అక్కా, తప్పు చేసినాను. ఆడ అందరి ముందర నిన్ను..."

నా చెవికే వినబడింది. అది రేవు అవ్వ. సాగదీయడం, దబాయింపు, నవ్వు కోసం ఆగే చిన్న విరామం, అన్నీ ఉన్నాయి. ఇంటి భాష నా నోట్లో వేషంగా తప్ప మిగల్లేదు. ఎన్నేళ్లుగానో నేను దాన్ని నవ్వించడానికి తప్ప వాడలేదు.

అక్క తల ఎత్తింది. ఆమె కళ్లలో ఉన్నది కోపం కాదు, భయంలాంటిది. "నడిక్కాదీంగ" అంది. నటించకండి.

"నటించట్లేదక్కా" అన్నాను. ఈసారి ఆఫీసు తెలుగు వచ్చింది. అందులోనే మిగతాదంతా చెప్పాను, ఎవరో పరాయివాడు చెప్పినట్టు. మొదటి ఏడు ఏం జరిగిందో, ఆఫీసులో ఎవరు నవ్వారో, ఫోనులో ఏం ఏరుకున్నానో. ఆమె సంచులు వేరు చేస్తూనే వింది. అంతా అయ్యాక "సరి" అంది. అది తమిళమో తెలుగో కూడా తేల్చుకోలేకపోయాను.

ఈ ఏడు ఆడిలో తెలుగు టేబులు నేను నడపలేదు. ఆదివారాలు కొట్టుకు వెళుతున్నాను. అక్క కాఫీ ఇస్తుంది, తమిళంలో రెండు మాటలు మాట్లాడుతుంది, పొమ్మనదు.

పోయిన వారం వెళ్లినప్పుడు ఉన్నట్టుండి వాన పడింది. వాకిట్లో దించిన సంచుల మీద కప్పిన టార్పాలిన్ గాలికి లేచిపోతోంది. ఒక కొస అక్క పట్టుకుంది, రెండో కొస రోడ్డు మీదికి కొట్టుకుంటోంది.

"ఏంది రా చూస్తా ఉండావు? ఆ కొస పట్టుకో, బిన్నా!" అని తొందరపెడుతూ అరిచింది.

తెలుగులో అన్నానని అరిచాక ఆమెకే తెలిసింది. నోరు మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుంది. నేను వానలోకి దూకి ఆ కొస పట్టుకున్నాను. వస్తున్నానక్కా అనబోయి, ఏ గొంతు వస్తుందోనని ఆగిపోయాను. సంచులన్నీ కప్పేదాకా ఇద్దరం చెరో కొస లాగుతూనే ఉన్నాం.