గోళ్ల మంత్రి

నా చిన్నప్పుడు నేను మంత్రిని. నవ్వకండి, నిజమే. పత్తికొండకు రెండు కోసుల దూరంలో ఉన్న మా ఊరి బళ్లో అయివారు పిల్లలతో ఒక మంత్రివర్గం ఏర్పాటు చేశాడు. నాలుగో తరగతి చదివే నాకు ఆరోగ్య శాఖ దక్కింది. సోమవారం సోమవారం ప్రార్థన కాగానే పిల్లలందరూ వరుసగా నిలబడి రెండు చేతులూ ముందుకు చాపాలి. గోళ్లు, పళ్లు, తల, బట్టలు చూసి, మురికిగా ఉన్నవాళ్ల పేర్లు నేను పలక మీద రాయాలి. ఆ వారమంతా బడి ముందు ఊడ్చేదీ, మురుగు కాలవలో సున్నం చల్లేదీ వాళ్లే. పిల్లలు నన్ను గోళ్ల మంత్రి అనేవాళ్లు. ఆ పదవి నాకే ఎందుకు వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. మా నాయనకు బావి కింద నాలుగెకరాల టమాటా తోట ఉండేది. అయివారి ఇంటికి కూరగాయలు మా ఇంటి నుంచే పోయేవి.

మా తోటలో కూలికి వచ్చే ఒకామె ఉండేది. మా అమ్మ కంటే పెద్దది. అయినా మా ఇంట్లో చిన్నాపెద్దా అందరం ఆమెను 'ఏమే' అనే పిలిచేవాళ్లం. ఆమె కూతురు నా తరగతే. తెల్లారగానే తల్లితో పాటు కాయలు కోసి, గంపలు బండికి ఎక్కించాకే బడికి పోవాలని ఆ ఇంట్లో ఒప్పందం. ఆ ఒప్పందం మీదే ఆ పిల్ల చదువు నిలబడి ఉంది. పైగా బాగా చదివేది. నేను కూడబలుక్కుని చదివే పాఠాన్ని గడగడా అప్పజెప్పేది. ఒక శనివారం అయివారు ఆ పిల్లను చూపించి, చూసి నేర్చుకోమని అందరి ముందూ నన్ను అన్నాడు. అది నాకు కంటగింపుగా ఉండింది. ఈ మాట ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ సోమవారం ఆ పిల్ల చాపిన చేతులు నల్లగా ఉన్నాయి. వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ ఆకుపచ్చా నలుపూ కలిసిన జిడ్డు. అంతకు ముందు వారాల్లోనూ ఉండే ఉంటుంది, కాకపోతే ఆ రోజు నా కళ్లు దానికోసమే వెతికాయి. నీళ్ల తొట్టి దగ్గరికి లాక్కుపోయి, ఇటుక పెళ్ల తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. "పోదు పాపా, అది పోదు" అంటూనే ఉంది. ఆసామి కూతుర్నని, తనతో కలిసి చదివే నన్ను కూడా పాపా అనే పిలిచేది. అయినా పోదని నాకే చెప్పడం పొగరుగా తోచింది. పిల్లలు చుట్టూ చేరి నవ్వుతున్నారు. కుర్చీలోంచి అయివారు, "ఇంగ కొంచెం గట్టిగా రుద్దు. పోక యాడికి పోతాది" అన్నాడు. చర్మం లేచి, తొట్టి అంచు మీద నెత్తురు చుక్కలు పడేదాకా రుద్దాను. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆపేదాన్నని ఒకప్పుడు నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. ఆపేదాన్ని కాదు.

మరునాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. నాకు బాగానే అనిపించింది. ఆదివారం నాయనకు సంగటి తీసుకుని తోటకు పోయాను. ఆ తల్లి ఒక్కతే సాళ్లలో వంగి కాయలు కోస్తోంది. నన్ను చూసి నవ్వి, "రా పాపా, నీ చెయ్యి శానా చురుకంట గదా. నాతో పందెం ఏస్తావా" అంది. పందెమంటే నేను చెవి కోసుకుంటాను. ఒక సాలు ఆమెది, పక్క సాలు నాది. కావాలనే వెనకబడుతూ, నన్ను అందుకోవడం తన వల్ల కాదని మెచ్చుకుంటూ, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నా చేత కోయించింది. కొమ్మ ఎట్లా పట్టుకోవాలో, ఆకులు ఎట్లా పక్కకు తియ్యాలో దగ్గరుండి నేర్పింది. నేనే గెలిచాను. ఇంటికొచ్చి చూసుకుంటే నా చేతులు నల్లగా ఉన్నాయి.

సబ్బుతో కడిగితే నురగ పచ్చగా దిగింది గానీ నలుపు పోలేదు. బూడిదతో తోమాను. కుంకుడు రసంలో నానబెట్టాను. పెరట్లో కూర్చుని ఏడ్చాను. ఆ తల్లి నాకు చేసింది కక్షో, పాఠమో ఇప్పటికీ తెలియదు. రెండూ కావచ్చు.

సోమవారం చేతులు వెనక్కి దాచుకుని వరుస ముందు నిలబడ్డాను. మంత్రి చేతులు అయివారే చూడాలి. ఆయన నా వేళ్లు తిప్పి తిప్పి చూస్తుంటే తొట్టి వైపు చూడడానికి కూడా భయమేసింది. ఆయన నవ్వాడు. "తోటకు పోయింటివా పాపా? ఇది మురికి కాదులే, టమాటా పసరు. నాలుగు దినాలకు అదే పోతాది" అన్నాడు. నవ్వబోయిన పిల్లల్ని కసిరి కూర్చోబెట్టాడు.

ఆయనకు తెలుసు. అంతకు ముందు సోమవారం కూడా తెలుసు. ముందుగా నాకు ప్రాణం కుదుటపడిందని దాచకుండా చెప్తున్నాను. ఆ తర్వాతే ఆ పిల్ల కూర్చునే చోటు ఖాళీగా కనిపించింది. నా చేతులకు అంటితే పసరైంది, ఆ పిల్ల చేతులకు అంటితే మురికైంది. అయివారు ఏ పుస్తకంలోంచీ చెప్పని పాఠం అది, కానీ ఆయన చెప్పిన పాఠాల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

సాయంత్రం ఇంట్లో చెప్పకుండా వాళ్ల గుడిసెకు పోయాను. ఆ తల్లి ఎందుకొచ్చావని అడగలేదు. చాటలో ఉన్న నాలుగు చితికిన కాయల్లో ఒకటి తీసి, నా అరచేతుల్లో పిసికి మెల్లగా రుద్దింది. చెంబుడు నీళ్లు పోస్తే నలుపంతా దిగిపోయింది. ఇంత సులువైతే కూతురి చేతులకు ఎందుకు చెయ్యలేదని అడిగాను.

"మీ నాయన ఇచ్చేదే నాలుగు కాయలు పాపా. చేతులకు రుద్దితే సంగట్లోకి ఏం ఏసుకునేది" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది. రేపటి నుంచి దాన్ని బడికి పంపమని నసిగాను.

అప్పుడే ఆ పిల్ల బిందె చంకన పెట్టుకుని వచ్చింది. వేళ్లకు గుడ్డ పేలికలు చుట్టి ఉన్నాయి. నన్ను చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది. బిందె కింద పెట్టి, ఒక్కొక్క పేలికా విప్పి, తల వంచుకుని రెండు చేతులూ నా ముందుకు చాపింది. నేను తనిఖీకి వచ్చాననుకుంది. తల్లి ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, "ఇంగ చూపించే పని లేదు మే. నువ్వు బడికి పోయేది లేదు గదా" అంది. కూతురితో అంటూ నా వైపే చూసింది.

తల్లి అన్నట్టే ఆ పిల్ల మళ్లీ బడి ముఖం చూడలేదు. అయివారు నన్ను మంత్రిగానే ఉంచాడు. నేనూ వద్దనలేదు, అంత ధైర్యం నాకు లేదు. పెద్దయ్యాక క్షమించమని అడుగుదామని రెండు మూడు సార్లు ఆ పిల్ల ఇంటిదాకా పోయి, వానల గురించి మాట్లాడి తిరిగొచ్చాను. ఇప్పుడు నా మనవరాలు బడి నుంచి రాగానే, "సబ్బుతో కడుక్కున్నా జేజీ, చూడు" అని చేతులు చాపుతుంది. నేను ముఖం తిప్పుకుని కంచంలో అన్నం పెడతాను. కడుక్కోమని అందరికీ చెప్తాను. చూపించమని మాత్రం ఇంతవరకూ ఏ బిడ్డనూ అడగలేదు.