గంగులప్పకు నేను చూపిన చోటు

ఒక మాటను ఇన్నేళ్లుగా నాలోనే మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో. చెప్పడం తప్పో, చెప్పకపోవడం తప్పో కూడా నాకు సరిగ్గా తెలియడం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కుప్పం దగ్గరి మా పల్లె నుంచి మదనపల్లెకు వచ్చి, ప్లాట్లు వేసి అమ్మే ఒక సారు దగ్గర పనిలో చేరాను. పుంగనూరు బయట ఆయన కొన్న చెనక్కాయల చేనులో లేఔటు వేయించడం నా మొదటి పని. ఆ చేను గంగులప్ప అనే రైతుది. అమ్మేటప్పుడు ఆయన కోరింది ఒక్కటే. చేనులో ఉన్న తన భార్య సమాధిని కదిలించకూడదు. సారు సరేనన్నాడు. నేనూ తలూపాను.

ప్లాను గీస్తే సమాధి సరిగ్గా మూల ప్లాటులో పడింది. అందరూ ముందు అడిగేది మూల ప్లాటే. సారుకు చెప్పాను. "నువ్వే చూసుకో" అన్నాడు. తీసేయమన్నాడా? అనలేదు. వదిలేయమన్నాడా? అదీ అనలేదు. ట్రాక్టర్లు నేల చదును చేస్తున్న రోజు, సమాధి తలవైపున్న రాయిని నేనే పెరికించి, కంచె అవతల పారే వంక గట్టు మీద నాటించాను. రాయిని మాత్రమే. ఆమెను కాదు. పనిమంతుడిననిపించుకోవాలనా, ఉద్యోగం పోతుందనా, లేక ఆ రోజు అదొక పెద్ద విషయంగానే తోచలేదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఏడాదికి గంగులప్ప, సోమలలో ఉన్న కూతురింటి నుంచి టెంకాయ, ఆకువక్క పట్టుకుని వచ్చాడు. చెట్లు లేవు, చేను చుట్టూ ఉండే గెనాలు లేవు. మట్టిరోడ్ల మధ్య నిలబడి దిక్కులు చూశాడు.

"యాడుండాదప్పా మా ఆడమనిషి? ఏమీ గుర్తు తెలీలేదే."

"అదో, గట్టు మింద ఉండాది పెద్దాయనా."

"అంత దూరముండిందా?"

"నేల సదును చేసినాం గదా. అట్ల అనిపిస్తాది."

నా ముఖం చూశాడు. రాయిని తడిమాడు. రాయి ఆమెదే. నమ్మాడు. "సూడమ్మే, చేనంతా పోయినా నిన్ను మాత్రం కదిలించలేదు" అని దానితో అన్నాడు. లేచి నా చేయి పట్టుకున్నాడు. "మాట నిలబెట్టుకున్నావప్పా."

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు.

మూల ప్లాటులో ఇల్లు లేచింది. ఏటా గట్టుకు వెళ్లే ముందు ఆయన ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుని, నీళ్లడిగి తాగేవాడు. ఆయన ఎవరి పక్కన కూర్చునేవాడో నాకు తెలుసు.

కొన్నేళ్లకు ఆయన పోయాడు. కూతురు శవాన్ని గట్టు దగ్గరికి తెచ్చింది. అమ్మ పక్కనే పెట్టమన్నాడట. "అమ్మకు ఏ పక్క తవ్వాల, అన్నా?" అని నన్నే అడిగింది. నిజం చెప్పేద్దామనుకున్నాను. చెబితే ఎవరి వంటింట్లో తవ్వుతారు? తండ్రి శవం ముందు ఆ బిడ్డ ఏమైపోతుంది? ఇవన్నీ ఆమె కోసం ఆలోచించానా, నా కోసమా? "ఎడం పక్క" అన్నాను. అందరితో పాటు నేనూ పిడికెడు మన్ను వేశాను.

క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. గట్టు మీద గంగులప్ప ఒక్కడే ఉన్నాడు. ఇన్నాళ్లూ ఈ సంగతి నాలోనే ఉండింది. ఇప్పుడు మీకూ తెలుసు.