నైరుతి మూలకు ఒరిగిన బోటు

పోయిన కార్తీకమాసంలో మా బావగారు అన్న ఒక మాట కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ఆయన మా చెల్లెలి భర్త. రాజమండ్రిలో రెండు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి పట్టే చిన్న కేబిన్ బోటు కొనుక్కున్నారు. ఆ రోజు బోటు ఎడమవైపు ఒరిగితే చుట్టాలందరి ముందు, "బావగారూ, మీరు కాస్త కుడివైపు రండి. గోదారి మీ ఒళ్ళోకి వచ్చేసేలా ఉంది" అన్నారు. అందరూ నవ్వారు. నేను కుడివైపుకు వెళ్ళాను. బోటు మాత్రం ఎడమకే ఒరిగి ఉంది. అది ఎవరూ చూడలేదు. అప్పటినుంచి ఏ పెళ్ళిలోనైనా నాకు గట్టి కుర్చీ వెతికి వేస్తున్నారు. త్వరలో చుట్టాలంతా మళ్ళీ బోటెక్కబోతున్నారు. నేను లేకపోయినా అది ఒరుగుతుందని ఈలోగా తేల్చకపోతే ఆ మాట నాకు జన్మంతా ఉండిపోతుంది.

భీమవరంలో పొద్దున్నే పాసింజరు ఎక్కాను. సంచిలో రసమట్టం ఉంది. ఇల్లు కట్టినప్పుడు కొన్నది, నేల వాలు చూపించే గాలిబుడగ ఉన్న కర్ర. తణుకులో పూలబుట్టతో ఒకావిడ ఎక్కి, "కాస్త సర్దుకోండి బాబూ" అంది.

"సర్దుకునే కూర్చున్నానమ్మా."

"అయితే ఇంకాస్త సర్దుకోండి" అని కూర్చుంది. ఆవిడ ముఖం నాకు గుర్తుంది.

నిడదవోలులో బండి చాలాసేపు ఆగింది. ఇడ్లీ వేడిగానే ఉంది, చట్నీ మాత్రం నీళ్ళు. ఇటు వెళ్ళేవాళ్ళు కారప్పొడి అడిగి వేయించుకోవడం మంచిది. కొవ్వూరు దాటాక వంతెన మీద చల్లగాలి తగిలి కాస్త కునుకు పట్టింది. రాజమండ్రిలో దిగి, షేర్ ఆటోలో రేవుకు చేరేసరికి పది దాటింది.

బావగారు, చెల్లెలు, బోటు నడిపే సరంగు సూరన్న లోపలే ఉన్నారు. "ఎక్కండి బావగారూ, కాఫీ చల్లారిపోతోంది" అన్నారు బావగారు.

"నేనెక్కను. ముందు మీరిద్దరూ దిగండి."

ఇద్దరూ దిగారు. సూరన్నను మాత్రం నట్టనడుమ నిలబెట్టి, రసమట్టం నేలమీద అడ్డంగా పెట్టమన్నాను.

"బుడగ ఎటుంది సూరన్నా?"

"కుడికొసకి పోయిందండి. ఎడమవైపు దిగిపోయుందండి బోటు."

"మరి నేనెక్కడున్నాను?"

"గట్టు మీదున్నారండి."

చెల్లెలు నవ్వు ఆపుకుంది. బావగారు నీళ్ళకేసి చూశారు.

అప్పుడు ఎక్కాను. వెనక ఎడమ మూలలో రెండు బ్యాటరీలు, డీజిలు డబ్బాలు, ఇనప లంగరు, పనిముట్ల పెట్టె, అన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. అందుకే బోటు వెనక్కి కూడా కుంగి, కదిలినప్పుడల్లా ముక్కు పైకెత్తేది. ముందు దారి కనబడక సూరన్న నిలబడి నడిపేవాడు.

"ఇవన్నీ ఒక్కచోటే పెట్టారేంటండీ?"

"అది నైరుతి కదండీ. బరువు నైరుతిలోనే ఉండాలి" అన్నారు బావగారు.

నిజమే. రేవులో బోటును ఉత్తరానికి ముక్కుపెట్టి కడతారు. ఆయన ఇంటికి చూసినట్టే దీనికీ వాస్తు చూశారు.

"మరి బోటు తిరిగితే నైరుతి ఎటు పోతుందండీ?"

బావగారు ఆలోచించారు. "ఎటు తిరిగినా సాయంత్రానికి రేవుకే వస్తుంది కదండీ."

"అంత కావాలంటే రేవులో ఉన్నంతసేపూ ఆ మూల మీరే కూర్చోండి" అంది చెల్లెలు.

దాంతో పని మొదలైంది. బ్యాటరీలు ముందు మంచం కిందికి, లంగరు ముక్కు దగ్గరికి, డీజిలు డబ్బాలు చెరోవైపుకి చేర్చాం. ఒక్కొక్కటి జరిపి, రసమట్టం అడ్డంగానూ నిలువుగానూ పెట్టి చూశాం. పనిముట్ల పెట్టెను బావగారే మోశారు. మధ్యాహ్నం చెల్లెలు వండిన పులసలాంటి ఏదో పెద్ద చేప పులుసు తిన్నాం. పులస కాదని నేను అడగకుండానే చెప్పింది, అదీ మా చెల్లెలు.

మూడింటికి ఎగువకు బయలుదేరాం. ముక్కు ఎత్తలేదు. సూరన్న కూర్చుని నడిపాడు.

"ఎటు కావాలంటే అటు కూర్చోండి బావగారూ" అన్నారు ఆయన.

నేను ఎడమవైపే, కార్తీకంలో లేపిన ఆ చోటే కూర్చున్నాను. కాళ్ళ దగ్గరున్న రసమట్టంలో బుడగ కొంచెం కుడికి జరిగింది. నలుగురం చూశాం. కాసేపటికి బావగారు లేచి, కండువా దులుపుకుని, కుడివైపు నా ఎదురుగా కూర్చున్నారు. బుడగ మధ్యకు వచ్చింది. లంకల పక్కనుంచి చీకటి పడేదాకా అలాగే తిరిగాం.

ఆ మాట అనడం తప్పేనని ఆయన ఇప్పటికీ నోటితో అనలేదు. అది నేను మరిచిపోను. కానీ బోటులో తిరగాలనుకునేవాళ్ళకు ఆ రేవు నుంచి ఎగువకు పోయే దారి హాయిగా ఉంటుందని చెప్పగలను.

రాత్రి బండిలో చెల్లెలిచ్చిన ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. కొవ్వూరులో ఎక్కినాయన, "కొంచెం జరుగుతారా అండీ?" అన్నాడు.

జరిగాను.