టైరు చెప్పుల కాపలా

పొద్దున మనవడు ఫోనుకు ఒక ఫొటో పంపాడు. మాగడి ఊరి అవతల, ఎక్కువమందికి తెలియని ఒక కొండ కొనన నిలబడి ఉన్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. ఆ చివరి బండను ఇప్పటికీ వట్టి కాళ్లతోనే ఎక్కుతారట.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన ఈడువాళ్లం వేసుకున్న టైరు చెప్పులు గుర్తున్నాయా? ఎండకు కాగిన ఆ రబ్బరు వాసన? అప్పుడే మామ పిల్లలమైన మమ్మల్నందరినీ, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులో ఆ కొండకు తీసుకుపోయాడు. చివరి బండ కింద చెప్పులు విడిచి, తన కూతురు సరోజను కాపలా కూర్చోబెట్టాడు.

"చూసుకో పాపా, కోతులు ఎత్తుకపోతే మల్లా దొరకవు."

"మీరు దిగొచ్చినంక నేను ఎక్కుతా," అంది సరోజ.

మేము బండను కరుచుకుని పాకుతూ ఎక్కాం. పైన రాతి దొన నిండా నీళ్లు, నీళ్లలో తెల్ల కలువలు. దిగేసరికి బస్సు వేళయింది. సరోజ చెప్పులు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

"పైన ఏమీ లేదు సరోజా, ఉత్త రాయి ఉండాది," అన్నాను, ఏడుపు మానాలని.

మానింది. పెద్దయ్యాక నాకు భార్య అయింది. ఆ కొండకు పోదామని ఎప్పుడూ అడగలేదు. నేను మొదట్లో ఆ మాటే మరిచాను. తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. పోయిన ఏడు ఆమె కన్నుమూసింది.

ఫొటో కింద మనవడు రాశాడు: "తాతా, పైన ఏమీ లేదని అవ్వ చెప్తా ఉండె కదా. ఎన్ని కలువలుండాయో చూడు! ఒకసారన్నా అవ్వను పిల్చుకొని రావాల్సింది."