గోడ దూకానని చెప్పి కెమెరా అమ్మబోతే

2009లో శంషాబాద్‌లో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. డిజిటల్ కెమెరా కొనడం కోసం పాత రీలు కెమెరాను ఎనిమిది వేలకు అమ్మకానికి పెట్టాను. గగన్‌పహాడ్ నుంచి ఒకాయన వచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి నాలుగు వేలన్నాడు.

ధర పెంచుదామని కథ ఎత్తుకున్నాను. "ఇది మామూలు కెమెరా కాదన్నా. ఎయిర్‌పోర్టు గోడ దూకి, రన్‌వే పక్కన గడ్డిల పండుకొని, దిగే విమానాన్ని దీంతోనే తీసిన."

"ఒక్కసారేనా?"

"నాలుగుసార్లు వోయిన."

ఆయన నిదానంగా పోలీసు గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎక్కడ దూకినవో జర చూపియ్యి. నడువు."

అంతా అబద్ధమని, ఆ కెమెరా పెళ్ళిళ్ళు తప్ప ఇంకేమీ చూడలేదని మొత్తుకున్నాను.

"ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదని ఏంది నమ్మకం?" అన్నాడు.

మా ఆవిడకు ఫోన్ కలిపి ఆయనకిచ్చాను.

"పోలీసోళ్ళం అమ్మా. మీ ఆయన ఎయిర్‌పోర్టు గోడ దూకిండా?"

ఆమె గొంతు నాకూ వినిపించింది. "నిచ్చెన ఎక్కితేనే కండ్లు తిరుగుతయి సారూ ఆయనకు. ఆయన చెప్పేటియి మా ఇంట్ల పిల్లి సుత నమ్మది."

ఆయన ఫోన్ తిరిగి ఇస్తూ మొదటిసారి నవ్వాడు. "అయితే ఇది ఉత్త పెళ్ళిళ్ళ కెమెరానే. మూడు వేలు."

ఆ మూడు వేలే తీసుకొని కెమెరా ఇచ్చేశాను.

నేను చెప్పేవన్నీ కోతలని మా ఆవిడ అంటే నేను సంతోషించింది ఆ ఒక్క రోజే. కథలు ఇప్పటికీ చెబుతాను. కాకపోతే ముందుగా ఎదుటివారి ఉద్యోగమేమిటో అడుగుతున్నాను.